నానో వెండిని వడకట్టు విధము

హైదరాబాదు నగరమున అమీర్‌పేట నుండి పంజాగుట్టకు మెట్రో రైలులో ఒక్క స్టేషను దూరము. నడచిపోయినను ఎక్కువసేపు పట్టదు. ఈ కొద్దిపాటి దారిలో మూడు విధములైన వడపోతలు జరుగుచుండును. మొదటిది తేనీటి దుకాణములో కనబడును. మరిగిన డికాషనును గుడ్డతో వడకట్టి గ్లాసులలో పోయుదురు. రెండవది నీటిని శుద్ధిచేయు ఆర్.ఓ. యంత్రములో ఉన్నది. పలుచని పొర గుండా నీటిని పీడనముతో నెట్టి, అందు కరగియున్న ఉప్పులను సయితము ఆ యంత్రము వేరుచేయును. మూడవది వీధిలో పోవువారికి కనబడదు. పంజాగుట్టలోని నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో, అనగా జనులు నిమ్స్ అని పిలుచు ఆసుపత్రిలో, మూత్రపిండములు పనిచేయని రోగులకు డయాలిసిస్ చేయు గదిలో అది ఉండును.

ఇదే దారిలో వెండియు కలదు. ఆభరణముల అంగళ్ళలో పట్టీలు, కుంకుమ భరిణెలు. మిఠాయి అంగళ్ళలో బర్ఫీపై అంటించిన వెండిరేకు. ఆ రేకు మందముకంటె అనేక రెట్లు చిన్నవైన కణములుగా వెండిని తయారుచేసి నీటిలో నిలుపవచ్చును. అట్టి నీటిలోని మలినములను తీసివేసి, వెండిని చిక్కబరచుటకు పై మూడు వడపోతలలో ఏది పనికివచ్చును? గుడ్డకంటె ఆర్.ఓ. పొర చాల సన్ననిది గనుక అదియే మేలని మొదట తోచును. కాని ఆ జవాబు సరికాదు. ఏల సరికాదో తెలిసికొన్నచో ఈ విషయములో సగము తెలిసినట్లే.

పసుపుపచ్చని వెండి

మీటరులో నూరుకోట్లవ వంతును నానోమీటరు అందురు. మిఠాయిపై వెండిరేకు ఎంత పలుచనిదైనను దాని మందము కొన్ని వందల నానోమీటర్లుండును. నానో వెండి కణముల వ్యాసము సాధారణముగా 1 నుండి 100 నానోమీటర్ల లోపున ఉండును. 10 నానోమీటర్ల వ్యాసముగల ఒక కణములో సుమారు 30,000 వెండి పరమాణువులు ఉండును.

ఇట్లు చిన్నదైనప్పుడు వెండి స్వభావము కొంత మారును. ఒక గ్రాము వెండిని ఘనాకారముగా పోతపోసినచో దాని ఉపరితలము దాదాపు 1.25 చదరపు సెంటీమీటర్లు మాత్రమే. అదే ఒక గ్రామును 10 నానోమీటర్ల కణములుగా చేసినచో, వాని ఉపరితలముల మొత్తము 57 చదరపు మీటర్లగును. చుట్టునున్న నీటితోను, సూక్ష్మజీవులతోను వెండికి సంబంధము కలుగునది ఈ ఉపరితలముననే. రంగు కూడ మారును. ఈ కణములు 400 నానోమీటర్ల ప్రాంతమునగల ఊదారంగు కాంతిని బలముగా గ్రహించును. అందుచేత మిగిలిన కాంతి పసుపుపచ్చగా కనబడును. తెల్లని వెండి ఆభరణమును ఎరిగినవారికి సీసాలోని పసుపుపచ్చని నీరు కూడ వెండియే యనిన మొదట నమ్మకము కలుగదు.

ఇట్టి ద్రవములను కలిలములు అందురు. 1857లో మైకేల్ ఫారడే బంగారు కలిలములను తయారుచేసి పరిశీలించెను. 1861లో థామస్ గ్రాహం ఈ జాతి పదార్థములను గూర్చి వివరముగా వ్రాసి, పొరల సహాయమున వానిని ఉప్పుల నుండి వేరుచేయు పద్ధతికి డయాలిసిస్ అను పేరు పెట్టెను. వెండి కలిలమును 1889లో కేరీ లీ ప్రకటించెను. కావున నానో అను మాట కొత్తదైనను, ఈ పదార్థము కొత్తది కాదు.

శుద్ధి చేయుట ఏల?

నానో వెండిని తయారుచేయుటకు వాడుకలోనున్న మార్గములలో ఒకటి ఇది: మంచుతో చల్లబరచిన సోడియం బోరోహైడ్రైడు ద్రావణమునకు సిల్వరు నైట్రేటు ద్రావణమును మెల్లగా చేర్చుచు కలియబెట్టుదురు. వెండి అయానులు క్షయకరణము నొంది పరమాణువులగును. ఆ పరమాణువులు గుమిగూడి కణములగును. ద్రవము పసుపురంగునకు తిరుగును.

అయితే ఆ సీసాలో వెండి కణములు మాత్రమే యుండవు. సోడియము, నైట్రేటు, బోరేటు అయానులు ఉండును. కణములుగా మారక మిగిలిన వెండి అయానులు కొన్ని ఉండవచ్చును. ఈ చివరిదే పెద్ద చిక్కు. వెండి అయానులకు సూక్ష్మజీవులను చంపు శక్తి ఎక్కువ. ఒక పరిశోధకుడు తాను చేసిన ద్రవమును బాక్టీరియాపై పోసి, అవి చచ్చినవని చూచెననుకొనుడు. చంపినవి కణములా, అయానులా? శుద్ధిచేయని ద్రవముతో చేసిన ప్రయోగము ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. తనకు తెలియకుండగనే అతడు సిల్వరు నైట్రేటు గుణమును నానో వెండి గుణముగా ప్రకటించు ప్రమాదము కలదు.

కణములను అడుగున దించి పైనీటిని పారబోసిన చాలునని తోచవచ్చును. కాని 10 నానోమీటర్ల వెండి కణము, కదలని నీటిలో తన బరువుచేత రోజుకు ఒక మిల్లీమీటరులో ఇరువదవ వంతు మాత్రము దిగగలదు. నీటి అణువులు నలుప్రక్కల కొట్టుచుండుటచేత అదియు సాగక, కణములు నీటిలోనే తిరుగుచుండును. వేగముగా త్రిప్పు సెంట్రిఫ్యూజి యంత్రములో అవి దిగును. కాని గట్టిగా అణగి ముద్దగట్టినచో మరల విడివడకపోవచ్చును. అందుచేత వడపోత అవసరమగుచున్నది.

పెద్ద రంధ్రము, అతి సన్నని పొర

ప్రయోగశాలలో వాడు సామాన్యమైన వడపోత కాగితపు రంధ్రములు సుమారు 10 మైక్రోమీటర్లు, అనగా 10,000 నానోమీటర్లు. 10 నానోమీటర్ల కణమునకు అది వేయిరెట్లు పెద్దది. ఆవగింజకు మనిషి వంగి దూరగల వాకిలి ఎట్టిదో, నానో వెండికి ఆ రంధ్రము అట్టిది. పసుపునీరు పసుపునీరుగానే క్రిందికి దిగును. తేనీటి దుకాణములోని గుడ్డ సంగతి చెప్పనక్కరలేదు.

ఇక ఆర్.ఓ. పొర వెండి కణములను తప్పక ఆపును. కాని అది సోడియమును, నైట్రేటును కూడ చాలవరకు ఆపును. నీరు మాత్రము పోవును. అప్పుడు జరుగునదేమి? వెండి చిక్కబడును, దానితో పాటు మలినములును చిక్కబడును. శుద్ధి జరుగదు. పైగా ఉప్పులు ఎక్కువైనకొలది కణములు ఒకదానితో నొకటి అంటుకొనిపోవును. వెండి కణములు నీటిలో విడివిడిగా నిలుచుటకు కారణము వాని ఉపరితలముననున్న ఋణ విద్యుదావేశము. ఒకే విధమైన ఆవేశము గలవి పరస్పరము వికర్షించుకొనును. ఉప్పులు ఈ వికర్షణను కప్పివేయును. పసుపు కలిలములో ఉప్పునీరు పోసినచో కొద్దిసేపటిలో అది బూడిదరంగునకు మారుట ఇందుచేతనే.

కావున కావలసినది అన్నిటికంటె సన్నని పొర కాదు. అయానులను, నీటిని పోనిచ్చి, కణములను మాత్రము ఆపు పొర. 1 నుండి 100 నానోమీటర్ల రంధ్రములు గల ఇట్టి వడపోతను అల్ట్రాఫిల్ట్రేషన్ అందురు. ఇట్టి పొరల సామర్థ్యమును తరచుగా అవి ఆపగల అణువుల భారమును బట్టి కిలోడాల్టన్లలో చెప్పుదురు. ఒక డాల్టను దాదాపు ఒక హైడ్రోజను పరమాణువు భారము. 100 కిలోడాల్టన్ల పొర అనిన దాని రంధ్రములు కొన్ని నానోమీటర్ల నుండి పది నానోమీటర్ల వరకు ఉండునని స్థూలముగా గ్రహింపవచ్చును.

ఏరు ఒరుసుకొని పారినట్లు

పొర దొరికినంతమాత్రమున పని తీరలేదు. గరాటులో పోసినట్లు ద్రవమును పొరపై నిలువుగా నొక్కినచో, నీరు దిగును. కణములు పొరపై పేరుకొనును. క్రమముగా అవి మందమైన పూతయై రంధ్రములను మూసివేయును. వడపోత మందగించును. ఇంకను నొక్కినచో కణములు ఒకదానికొకటి అదుముకొని ముద్దయగును. ఏ కణములను విడివిడిగా దక్కించుకొనవలెనని పూనుకొంటిమో అవియే చెడిపోవును.

దీనికి ఉపాయము నొక్కు దిక్కును మార్చుటయే. ఏటి ఒడ్డున ఇసుకలో త్రవ్విన గుంటను తలచుకొనుడు. ఏరు ఒడ్డును ఒరుసుకొని ముందుకు పారుచుండును. అందులోని నీరు కొంత ప్రక్కకు, ఇసుక గుండా ఇంకి, గుంటలో తేటగా ఊరును. ఏటిలోని ఆకులు, అలములు ఒడ్డునంటి నిలువవు. పారు నీరే వానిని ఈడ్చుకొనిపోవును. వెండి కలిలమును కూడ ఇట్లే పొర వెంబడి పారించుదురు. పంపు సహాయమున ద్రవము పొరను ఒరుసుకొని పోయి, మరల తొట్టికి చేరును, మరల పోవును. ప్రతి చుట్టులోను కొంత నీరు, దానితో అయానులు, పొర గుండా ప్రక్కకు జారిపోవును. కణములు ప్రవాహముతో తిరుగుచునే యుండును. దీనికి స్పర్శరేఖా ప్రవాహ వడపోత అని పేరు పెట్టవచ్చును.

2010లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రమునగల రైట్ స్టేట్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఈ పద్ధతితో వెండి కణములను పరిమాణమును బట్టి ఏరి, లీటర్లకొలది కలిలమును కొన్ని మిల్లీలీటర్లకు కుదించిరి. ఇట్టి పనిలో పొరలను వరుసగా వాడుదురు. మొదట పెద్ద రంధ్రముల పొరతో పెద్ద కణములను, ముద్దలను ఆపి, చిన్నవానిని పోనిత్తురు. తరువాత చిన్న రంధ్రముల పొరతో ఆ చిన్న కణములను ఆపి, నీటిని, అయానులను పోనిత్తురు. మొదటి పొర దగ్గర కావలసినది దిగువకు పోయినది; రెండవ పొర దగ్గర కావలసినది పైననే నిలిచినది. విద్యార్థులు ఈ భేదమును జ్ఞాపకముంచుకొనవలెను.

ఆసుపత్రిలోని వడపోత

ఇప్పుడు పంజాగుట్టలోని ఆసుపత్రి గదికి మరల రావచ్చును. డయాలిసిస్ యంత్రమునకు తగిలించు గాజువంటి గొట్టములో సుమారు 10,000 సన్నని బోలు నూళ్ళు కట్టగా కట్టియుండును. ఒక్కొక్క నూలు లోపలి వ్యాసము ఒక మిల్లీమీటరులో అయిదవ వంతు. నూలు గోడయే పొర. రోగి రక్తము నూళ్ళ లోపల పారును. శుద్ధమైన లవణద్రవము నూళ్ళ వెలుపల ఎదురుదిక్కున పారును. రక్తములోని యూరియా అణువు భారము 60 డాల్టన్లు. అది గోడ దాటిపోవును. ఆల్బుమిన్ అను మాంసకృత్తు భారము 66 కిలోడాల్టన్లకు పైబడి ఉండును. అది, రక్తకణములు లోపలనే నిలుచును.

ఇందు రెండు పనులు జరుగుచున్నవి. యూరియా వంటివి ఎక్కువ గాఢత నుండి తక్కువ గాఢతకు వ్యాపనము చేత వెలుపలికి పోవుట ఒకటి, ఇది శుద్ధి. రోగి శరీరమున నిలిచిపోయిన అధికపు నీటిని పీడనభేదముచేత తీసివేయుట రెండవది. ఒక్కొక్కమారు లీటరు, రెండు లీటర్లు, ఇంకను ఎక్కువ నీరు తీయవలసివచ్చును. ఇది చిక్కబరచుట. వైద్యులు ఈ రెండవ పనిని అల్ట్రాఫిల్ట్రేషన్ అనియే పిలుతురు. వెండి కలిలమునకు ప్రయోగశాలలో చేయుచున్నది సరిగా ఈ రెండు పనులే. అక్కడను తరచుగా ఇట్టి బోలు నూళ్ళ కట్టనే వాడుదురు. మూడు వడపోతలలో పనికివచ్చునది మూడవదే యని ఇందువలన తేలుచున్నది.

కడుగుటలో లెక్క

శుద్ధి ఎంతవరకు జరిగినదో లెక్కతో చెప్పవచ్చును. తొట్టిలో 100 మిల్లీలీటర్ల కలిలము కలదనుకొనుడు. వడపోతలో ఎంత నీరు పోవుచున్నదో అంత నీటిని వెంటవెంటనే చేర్చుచుందురు. ఇట్లు 100 మిల్లీలీటర్లు చేర్చునప్పటికి అయానులు నూటికి 37 వంతులు మిగులును. 300 చేర్చునప్పటికి నూటికి 5. 500 చేర్చునప్పటికి నూటికి 0.7 మాత్రమే.

మరియొక మార్గము కలదు. 100 మిల్లీలీటర్లను మొదట 10 మిల్లీలీటర్లకు కుదించి, 90 మిల్లీలీటర్ల నీరు చేర్చి, మరల కుదించవచ్చును. ఒక్కొక్కమారు అయానులు పదవ వంతగును. ఇట్లు మూడుమార్లు చేసిన 270 మిల్లీలీటర్ల నీటితోనే వేయింట ఒక వంతు మిగులును. మొదటి పద్ధతిలో అంతే నీటితో ఇంకను నూటికి దాదాపు 7 వంతులు మిగిలియుండును. నీటి పొదుపు చూచిన రెండవదే మేలు. కాని 10 మిల్లీలీటర్లలో కణములు క్రిక్కిరిసి అంటుకొను భయము కలదు. అందుచేత కణముల క్షేమమునకు మొదటిదియే మేలు. ఎవరికేది కావలెనో నిర్ణయించుకొనవలెను.

కడుగుటకు కుళాయినీరు పనికిరాదు. అందులోని క్లోరైడు అయానులు వెండి అయానులతో కలిసి సిల్వరు క్లోరైడు అవక్షేపమునిచ్చును. శుద్ధజలము కావలెను. అయితే శుద్ధజలముతో మితిమీరి కడిగినను ముప్పే. కణములకు ఆవేశమునిచ్చి కాపాడుచున్న అయానులు కూడ కొట్టుకొనిపోయి కణములు ముద్దకట్టవచ్చును. ఇందుకై కొందరు పలుచని సోడియం సిట్రేటు ద్రావణముతో కడుగుదురు. సంపూర్ణ శుద్ధి అనునది ఇచ్చట ఆదర్శము కాదు; తగినంత శుద్ధియే ఆదర్శము.

ఆభరణము చేయు కంసాలి, పనికి ముందు తూచిన వెండిని పని ముగిసిన తరువాత పొడితో సహా మరల తూచును. వడపోతలోను ఈ నియమమే. తొట్టిలో మిగిలిన వెండి, వడపోతనీటిలో పోయిన వెండి, పొరకు అంటిన వెండి, ఈ మూడింటిని కలిపిన మొదటి వెండికి సరిపోవలెను. సరిపోనిచో ఎక్కడనో పొరపాటున్నదన్నమాట. ఇంకొక సంగతి. శుద్ధిచేసి ఉంచిన కలిలములో నీటియందలి ఆక్సిజను వలన కణములు మెల్లగా కరగి, అయానులు మరల పుట్టుచుండును. కావున నెలల క్రిందట శుద్ధిచేసినది నేడును శుద్ధమేయని తలపరాదు.

పాఠశాలలో చేయదగిన ప్రయోగము

నానో వెండి తయారీ పాఠశాలలకు తగినది కాదు. కాని దాని వడపోత సూత్రమును గంజితో చూపవచ్చును. కావలసినవి: ప్రయోగశాల సామానులమ్ము అంగళ్ళలో దొరకు డయాలిసిస్ గొట్టపు ముక్క, తేట గంజి, ఉప్పు, స్వేదనజలము, అయొడిన్ ద్రావణము, సిల్వరు నైట్రేటు ద్రావణము.

గొట్టమును తడిపి ఒక కొన ముడివేసి, ఉప్పు కలిపిన గంజిని పోసి రెండవ కొనయు ముడివేయవలెను. వెలుపలి భాగమును బాగుగా కడిగి, స్వేదనజలముగల బీకరులో ఉంచవలెను. ఒక గంట తరువాత బీకరులోని నీటిని రెండు పరీక్షనాళికలలో తీసికొనవలెను. ఒకదానిలో సిల్వరు నైట్రేటు వేసిన తెల్లగా మసకబారును: ఉప్పు వెలికి వచ్చినది. రెండవదానిలో అయొడిన్ వేసిన నీలిరంగు రాదు: గంజి రాలేదు. బీకరు నీటిని మార్చుచు, మసక కనబడనంతవరకు ఇట్లే చేయవలెను. అప్పుడు గొట్టములోని గంజిని పరీక్షించిన అయొడినుతో నీలిరంగు వచ్చును. ఉప్పు పోయినది, గంజి నిలిచినది.

ఆపైన గొట్టమును పంకా గాలికి వ్రేలాడదీసినచో నీరు పొర గుండా ఆవిరియై, గంజి చిక్కబడును. ఉప్పు ఆవిరి కాదు. కాబట్టి ముందు కడిగి తరువాత చిక్కబరచవలెనను క్రమము విద్యార్థులకు స్వయముగా బోధపడును.

సిల్వరు నైట్రేటు చర్మముపై నల్లని మచ్చలు చేయును, కంటికి హానికరము. మిగిలిన ద్రవములను తొట్టిలో పారబోయక ఒక సీసాలో చేర్చి, ఉప్పునీరు కలిపి, సిల్వరు క్లోరైడును వేరుగా భద్రపరుపవలెను. మురుగునీటిని శుద్ధిచేయు కేంద్రములలో పాటుపడునవి సూక్ష్మజీవులే. వెండి వానికి శత్రువు.

ఫలితము

ఈ శ్రమయంతయు ఎందులకని అడుగవచ్చును. హైదరాబాదు శివారున బాలాపూరులోనున్న ఏ.ఆర్.సి.ఐ. అను పరిశోధన సంస్థ, నానో వెండి పూతగల పింగాణి కాండిలును త్రాగునీటి ఫిల్టరుల కొరకు రూపొందించినది. అట్టి కాండిలులో వెండి పూతగా నిలిచి సూక్ష్మజీవులను చంపవలెను. నీటితో పాటు గ్లాసులోనికి రాకూడదు. భారత ప్రమాణముల ప్రకారము త్రాగునీటిలో వెండి లీటరునకు 0.1 మిల్లీగ్రామును మించరాదు. వెండిని ఎక్కువకాలము లోనికి తీసికొన్నవారి చర్మము నీలిబూడిదరంగునకు మారి, ఆ రంగు శాశ్వతముగా నిలిచిపోవును. వెండి నీరు సర్వరోగములకు మందని చెప్పి అమ్మువారి మాటలు నమ్మరాదు.

నీటిలోనికి వచ్చిన వెండి కణరూపముననున్నదా, అయాను రూపముననున్నదా అని తేల్చుటకు కూడ ఇదే వడపోత ఆధారము. మిక్కిలి చిన్న రంధ్రముల అల్ట్రాఫిల్టరు గుండా పంపి, దిగిన నీటిలో వెండిని కొలిచినచో అది అయానుల లెక్క. పైన నిలిచినది కణముల లెక్క. కాబట్టి వడపోత శుద్ధిచేయు సాధనము మాత్రమే గాక సాక్ష్యము చెప్పు సాధనము కూడ. సీసాపై వ్రాసిన పేరును బట్టి గాక, పొరకు పైన ఏమి నిలిచినది, క్రిందికి ఏమి దిగినది అని రెండు ప్రక్కల కొలిచి చూచిననే అందులోనిది నానో వెండియో, వట్టి సిల్వరు నైట్రేటో తెలియును.